వడదెబ్బ కాదు

మే నెలలో విజయవాడలో ఎవరు కూలబడినా అది వడదెబ్బే. సిటీ బస్సులో పడినా, రైతుబజారులో పడినా, ఇంట్లో ఫ్యాను కింద పడినా సరే. చుట్టూ ఉన్నవాళ్ళు ముందు ఆ మాట అనేస్తారు, తర్వాత ఉల్లిపాయ కోసం వెతుకుతారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, చాలాసార్లు అదే నిజమవుతుంది. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఆయన్ని ఆటోలో ఇంటికి తీసుకొచ్చినప్పుడు కూడా అందరూ అదే అన్నారు. కాదని ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. లేదా, నా ఒక్కదానికే తెలుసనుకున్నాను. తెలిసి కూడా నలభై నిమిషాలు నోరు మెదపలేదు.

పాప నిద్రపోయాక వంటగదిలో లైటు వేసుకుని ఇది రాస్తున్నాను. ఆ నలభై నిమిషాలూ ఏం చేశావని ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మేం ఆటోనగర్ వెనకవైపు ఒక మేడ మీద రెండు గదుల పోర్షన్‌లో ఉంటాం. మా ఆయన లారీలకు కమాన్ కట్టలు బిగించే షెడ్డులో పనిచేస్తాడు. లారీ బరువంతా మోసే ఆ ఇనప పట్టీలను విప్పడం, వంగినవాటిని సాగగొట్టడం, మళ్ళీ బిగించడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. నేను బీఎస్సీ చదివాను. పెళ్ళికి ముందు ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను.

పాప నెలలు నిండకుండా పుట్టింది. చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు అక్కడి నర్సు నాకు ఊపిరి లెక్కపెట్టడం నేర్పింది. పొట్ట ఒకసారి లేస్తే ఒకటి. గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాలి. "అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యకమ్మా, పసివాళ్ళు మధ్యలో ఆగి మోసం చేస్తారు" అంది. ఆ తర్వాత ఏడాదిపాటు నేను చేసిన పని అదే. పక్కలో, ఒళ్ళో, ఊయల దగ్గర, చివరికి బస్సులో కూడా. మా అత్తయ్య నవ్వేది. "పిల్లని పెంచుతున్నావా, మీటరు రీడింగు తీస్తున్నావా?" అనేది. నేను కూడా నవ్వేదాన్ని, లెక్క తప్పకుండా.

పాప నా కడుపులో ఉన్నప్పుడే మా ఆయన నడుముకు దెబ్బ తగిలింది. బిగించిన కట్ట ఒకటి జారి నడుం మీద పడింది. ఎముక విరగలేదు. డాక్టరు పది రోజులకు మాత్రలు రాశాడు. అవి పనిచేశాయి. అంతకు ముందు పక్కమీద నుంచి లేవడానికి నా భుజం కావలసిన మనిషి రెండో రోజే షెడ్డుకు వెళ్ళాడు. పది రోజులయ్యాక మందుల షాపులో అదే చీటీ చూపించి ఇంకో పది రోజులకు తెచ్చుకున్నాడు. కొన్ని నెలల తర్వాత షాపువాడు కొత్త చీటీ లేకపోతే ఇవ్వనన్నాడు. కొత్త చీటీ కోసం వెళ్ళాలంటే ఒక పూట పని పోతుంది. అప్పుడే ఎవరో చెప్పారట, షెడ్డు వెనక టీకొట్టులో దొరుకుతాయని. లారీ డ్రైవర్లు వేసుకుంటారు, బరువులెత్తేవాళ్ళు వేసుకుంటారు. అక్కడ దాన్ని నడుం బిళ్ళ అంటారు. టీ అడిగినంత మామూలుగా అడుగుతారు.

ఇదంతా నాకు తెలిసేసరికి పాపకు ఆరు నెలలు. బీరువా మీద దుమ్ము దులుపుతుంటే ఖాళీ కర్పూరం డబ్బా ఒకటి చేతికి తగిలింది. ఖాళీది కాదు. లోపల కత్తెరతో కోసిన మాత్రల అట్టముక్కలు, లేత ఆకుపచ్చ మాత్రలు. ఆ సాయంత్రం అడిగాను.

"నడుం నొప్పికి" అన్నాడు.

"నొప్పి ఇంకా ఉందా?"

"నొప్పి లేదు. వేసుకోకపోతే మాత్రం ఒళ్ళంతా లాగేస్తుంది. ముక్కు కారుతుంది, ఆవలింతలు ఆగవు, కాళ్ళు ఒకచోట ఉండవు. వేసుకుంటే మామూలు మనిషిని, అంతే. మత్తేం కాదు. తాగుబోతుని చూసినట్టు చూడకు."

"అత్తయ్యకి చెప్పి, ఎవరైనా మంచి డాక్టరు దగ్గరకి వెళ్దాం."

అప్పుడు లేచి, మంచం మీద నిద్రపోతున్న పాప దగ్గరకు నన్ను లాక్కెళ్ళాడు. నా కుడిచేతిని తీసి పాప తలమీద పెట్టాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే. "అమ్మకి గానీ, మీవాళ్ళకి గానీ, ఇంకో మనిషికి గానీ చెప్పనని పాప మీద ఒట్టు వెయ్యి. నేనే నెమ్మదిగా మానేస్తా. నలుగురికీ తెలిస్తే షెడ్డులో ఎవరూ నన్ను లారీ కిందకి దూరనివ్వరు."

పాప మాడు ఇంకా మెత్తగానే ఉండేది. నా అరచేతి కింద అది కొట్టుకుంటోంది. ఒట్టు వేశాను.

చదువుకున్నదానివి, ఒట్టేంటి అని ఎవరైనా అనవచ్చు. నన్ను నేనే చాలాసార్లు అనుకున్నాను. కానీ అద్దాల పెట్టె ముందు కూర్చుని లెక్కపెట్టినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ పాప తలమీద చెయ్యిపెట్టి అన్న మాట తప్పితే ఏమీ కాదని నా బుర్ర చెబుతుంది. నా చెయ్యి ఒప్పుకోదు.

దాదాపు ఏడాది గడిచింది. ఆయన మానలేదు. నేను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నానికి మూడు రోజుల ముందు, కర్పూరం డబ్బా మూత తీసి చూశాను. అలా చూడటం నాకు అలవాటైపోయింది. ఈసారి అట్టముక్కలు లేవు. చిన్న ప్లాస్టిక్ కవర్లో విడి మాత్రలున్నాయి. అదే ఆకుపచ్చ రంగు. కానీ ఒకటి చేతిలోకి తీసుకుంటే రంగు నా వేలికి అంటింది. అంచులు రాలుతున్నాయి. ఒకదానికి మధ్యలో గీత ఉంది, పక్కదానికి లేదు, ఇంకోదానికి గీత పక్కకు పోయింది.

ఆయన స్నానం చేసి వచ్చాక అడిగాను. "ఇవి వేరేగా ఉన్నాయే."

"కంపెనీ మారిందంట."

"ఏ కంపెనీ?"

"వివరాలడగడానికి అదేమన్నా మెడికల్ షాపా? టీకొట్టు." తల తుడుచుకుంటూ నవ్వాడు. "నువ్వు బీఎస్సీ చదివింది నా మీద ప్రయోగాలు చెయ్యడానికేనా?"

నేను ఊరుకున్నాను. వేలికంటిన పచ్చరంగు సబ్బుతో కడుక్కున్నాను. పాపకు అన్నం కలపాలి కదా అని రెండోసారి కూడా కడుక్కున్నాను. పాప విషయంలో నాకు తోచిన జాగ్రత్త ఆయన విషయంలో తోచలేదు. నాకు బాగా గుర్తుండేది ఇదే.

ఆ రోజు భోజనాల వేళ దాటాక కింద ఆటో ఆగింది. షెడ్డులో పెద్దదిక్కు లాంటి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నేను బాబాయ్ గారూ అంటాను. ఆయనా, ఆటో డ్రైవరూ కలిసి మా ఆయన్ని రెండు రెక్కలూ పట్టుకుని మెట్లెక్కించారు. కాళ్ళు మెట్లకు కొట్టుకుంటున్నాయి.

"కంగారుపడకమ్మా. పెట్రోలు అయిపోయిన బండిని తోసుకొచ్చాను, అంతే" అన్నాడు మేస్త్రీ, ఆయాసపడుతూ. "లారీ కింద నుంచి బయటికొచ్చి, గోడకానుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. ఎండ అట్టా ఉంది మరి."

"వడదెబ్బేరా నాయనా" అంది అత్తయ్య. పాప పుట్టినప్పటి నుంచి ఆవిడ మాతోనే ఉంటోంది. దివిసీమలో పొలాల్లో పనిచేసి పెరిగిన మనిషి, వడదెబ్బలు ఎన్నో చూసింది. చేతులు వాటంతటవే కదిలాయి. చాపమీద పడుకోబెట్టించింది, చొక్కా విప్పించింది, తడిగుడ్డ ఛాతీమీద వేసింది. "అమ్మాయ్, ఉల్లిపాయ దంచుకురా. అరికాళ్ళకి రాయాలి. మజ్జిగలో ఉప్పేసి పట్రా."

నేను ఉల్లిపాయ దంచాను. మజ్జిగ కలిపాను. చేతిలో గ్లాసుతో వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

ఒళ్ళు చల్లగా ఉంది.

తడిగుడ్డ లేని చోట, మెడ వెనక, మోచేతి లోపల ముట్టుకుని చూశాను. చల్లగా, జిగటగా ఉంది. వడదెబ్బ తగిలిన ఒళ్ళు పెనంలా కాలుతుందని ఈ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గురక వస్తోంది, కానీ నిద్రలో వచ్చే గురకలా లేదు. లాగుతోంది, ఆగుతోంది. మళ్ళీ ఎప్పటికో లాగుతోంది.

"గురక పెడుతున్నాడంటే ఒంట్లో తేరుకుంటున్నాడు" అంది అత్తయ్య. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో మజ్జిగ నోట్లో పోసింది. సగం బయటికొచ్చింది, సగం లోపలికి పోయింది. ఒక్కసారి దగ్గాడు. "చూశావా, మింగుతున్నాడు" అంది.

గోడగడియారం చూస్తూ నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పొట్ట లేస్తే ఒకటి. నిమిషం నిండా. ఏడు.

తప్పు లెక్కపెట్టానేమో అనుకున్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడు. పాప వచ్చి నా వీపుమీద పడి, మెడ చుట్టూ చేతులు వేసింది. మూడోసారి ఆరు.

ఇంత జరుగుతున్నా నేను ఆ మాట చెప్పలేదు. "ఆసుపత్రికి తీసుకెళ్దాం" అని మాత్రం అన్నాను. వడదెబ్బకి ఆసుపత్రి ఎందుకు, సాయంత్రానికి లేస్తాడు అంది చప్పుడు విని పైకొచ్చిన కింద పోర్షన్ ఆవిడ. సెలైన్ పెడతారు, పెట్టించుకుంటే మంచిదేలే అన్నాడు మేస్త్రీ. ఆయన ముఖం నేను సరిగ్గా చూడలేదు. చూసి ఉంటే ఆయన కూడా దేనికో భయపడుతున్నాడని తెలిసేది. "పాపకి ఎండ తగులుతుంది, టోపీ పెట్టు" అంటోంది అత్తయ్య. నేను పాపకు టోపీ వెతికాను. ఆ టోపీ వెతికిన నిమిషాలు కూడా ఆ నలభైలోవే.

ఆసుపత్రి దగ్గరే. క్యాజువాలిటీలో నా వయసే ఉన్న డాక్టరమ్మ ఉంది. చూడగానే ముక్కుకు ఆక్సిజన్ పెట్టమంది. వేలికి క్లిప్పు తగిలించారు. దానిమీద వచ్చిన అంకె చూసి ఆవిడ నడక మారింది.

"ఏమైంది?"

"వడదెబ్బండీ" అంది అత్తయ్య. "పొద్దున్నించీ లారీల కిందే ఉన్నాడు."

"ఒళ్ళు చల్లగా ఉందే." ఆవిడ ఆయన రెప్పలు ఎత్తి టార్చి వేసింది. "ఏమన్నా మందులు వాడతారా? నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, ఏదైనా?"

"మావాడికి సిగరెట్టు కూడా అలవాటు లేదమ్మా. గుళ్ళో తీర్థం పుచ్చుకోమన్నా మొహమాటపడతాడు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పాపను చంకలో ఎత్తుకుని ఉన్నాను. పాప తల నా గడ్డం కింద ఉంది. టోపీ లోపల చెమట వాసన వస్తోంది. ఆ పిల్లను పట్టుకుని ఆ మాట అనలేనని నాకు అర్థమైంది.

పాపను అత్తయ్య చేతికిచ్చాను. నా రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాను. రెండడుగులు ముందుకు వేసి చెప్పాను.

"మాత్రలు వేసుకుంటారండీ. నడుంనొప్పివి. రెండేళ్ళ పైనుంచి. ఇప్పుడు టీకొట్టులో కొంటున్నారు. మూడు రోజుల నుంచి కొత్తరకం వచ్చాయి. నిమిషానికి ఆరుసార్లే ఊపిరి తీస్తున్నారు, నేను లెక్కపెట్టాను."

వెనకున్న అత్తయ్య వైపు నేను తిరగలేదు.

"పాత మాత్ర పేరు?" అంది డాక్టరమ్మ. చెప్పాను. నర్సు అప్పటికే ఇంజెక్షన్ తీస్తోంది. "ఆ కొత్తవి ఒకటైనా కావాలి. ఇంటికెళ్ళి తీసుకురాగలరా?"

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రీ నా పక్కకు వచ్చాడు. చొక్కా జేబులోంచి బీడీకట్ట తీశాడు. దాని వెనక మడిచిన కాగితం ఉంది. విప్పి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. ఒకటిన్నర ఆకుపచ్చ మాత్ర.

"నా మోకాళ్ళకమ్మా" అన్నాడు. "నేనెప్పుడూ సగమే వేసుకుంటా. ఇవాళ ఆ సగం కూడా ఇంకా వేసుకోలేదు. మూడింటికి వేసుకుందామనుకున్నా."

గోడమీద గడియారంలో మూడు కావడానికి పది నిమిషాలుంది. డాక్టరమ్మ ఆయన్ని కూడా కూర్చోబెట్టి నాడి చూసింది. "మీతో ఇంకెవరు కొన్నారు?" అని అడిగింది. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. ఎవరెవరో ఆయన మనసులో లెక్కపెట్టుకోవడం నాకు కనిపించింది. "ప్రభువా" అని, నాకేమీ చెప్పకుండా బయటికి నడిచాడు. ఆ వీధిలో షెడ్లన్నీ తిరిగి చెప్పాడని తర్వాత తెలిసింది. ఒక డ్రైవరు లారీ క్యాబిన్‌లో పడుకుని ఉన్నాడట. తిన్నాక కునుకు తీస్తున్నాడులే అని అందరూ ఊరుకున్నారట. క్యాబిన్ తలుపు తీసి, అతన్ని కూడా ఇదే ఆసుపత్రికి తెచ్చారు. బతికాడని మాత్రం విన్నాను.

ఇంజెక్షన్ ఇచ్చిన రెండు నిమిషాలకు మా ఆయన పెద్దగా గాలి పీల్చాడు, నీళ్ళలో మునిగి లేచినవాడిలా. కళ్ళు తెరిచాడు. "లారీ దించారా?" అన్నాడు. అత్తయ్య ఏడ్చింది. నేను కూడా గండం గడిచిందనుకున్నాను.

గంట తిరక్కుండానే మళ్ళీ గురక మొదలైంది. మళ్ళీ ఇంజెక్షన్. ఈసారి అంతగా లేవలేదు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆవిడ విసుక్కోలేదు, అబద్ధం కూడా చెప్పలేదు.

"ఈ విరుగుడు నొప్పిమందు జాతికే పనిచేస్తుందండీ. ఇందులో నిద్రమందు కూడా కలిపినట్టుంది, దానికి ఇది పనిచెయ్యదు. పైగా విరుగుడు త్వరగా అయిపోతుంది, లోపలున్నది అయిపోదు. రాత్రంతా మిషను మీద ఉంచాల్సి రావచ్చు."

"రోజూ వేసుకునేది ఒక్కటేనండీ. ఇవాళ కూడా ఒక్కటే వేసుకుని ఉంటారు."

"ఒక్కటే అనే లెక్క కంపెనీ మాత్రకి, కంపెనీలో తూచి కలుపుతారు కాబట్టి. ఇది ఎవరో ఎక్కడో పొడులు కలిపి అచ్చులో నొక్కింది. ఒక మాత్రలో అంతా సుద్దే ఉండొచ్చు, పక్క మాత్రలో మూడు మాత్రల మందు ఉండొచ్చు. ఏం కలిపాడో, ఎంత కలిపాడో కలిపినవాడికే తెలియకపోవచ్చు. నిన్నటిది ఏమీ చెయ్యలేదని ఇవాళ్టిది వేసుకుంటారు. అక్కడే పోతున్నారు. ఇది వడదెబ్బ అనుకుని సెలైన్ పెట్టి కూర్చుని ఉంటే..." అని, నా ముఖం చూసి ఆపేసింది.

ఆ వాక్యం చివర ఏముందో నాకు తెలుసు. అది నేను చెప్పకపోతే ఏమయ్యేదో అన్న మాట. కానీ నాకు వినిపించింది మాత్రం నలభై నిమిషాలు ముందే చెప్పి ఉంటే అని.

రూలు ప్రకారం పోలీసులకు కబురు చేశారు. ఒక కానిస్టేబుల్ వచ్చి, అడిగి, రాసుకుని వెళ్ళాడు. దీని గురించి మేం ఎంత భయపడ్డామో, జరిగింది అంత తక్కువ.

రెండోరోజు మత్తు వదిలింది కానీ జ్వరం పట్టుకుంది, దగ్గు. ఎక్స్‌రే తీశారు. కుడివైపు ఊపిరితిత్తిలో నిమ్ము చేరిందన్నారు. "స్పృహ లేనప్పుడు ఏమన్నా తాగించారా?" అని డాక్టరమ్మ అడిగింది. మజ్జిగ అన్నాను. "స్పృహ లేని మనిషికి చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదండీ. పక్కకి తిప్పి పడుకోబెట్టి తీసుకురావాలి, అంతే." అత్తయ్య అప్పుడు వరండాలో బెంచీ మీద కూర్చుని, కొడుకు కోసం చిన్న క్యారేజీలో గంజి పట్టుకుని ఉంది. బయటికొచ్చాక ఏమందని అడిగింది. షెడ్డు దుమ్ము ఊపిరితిత్తులకి పట్టిందట, ఇంకో నాలుగు రోజులు ఉంచుతారట అన్నాను. ఒక నిజం చెప్పడానికి అంత పెనుగులాడినదాన్ని, ఇంకో నిజం అంత సులువుగా దాచాను. ఇప్పటికీ ఆవిడకు చెప్పలేదు.

ఆవిడ మాత్రం ఆ రెండు రోజులూ నాతో అవసరమైనంతే మాట్లాడింది. కొడుకు మాత్రలు మింగినందుకా, నేను దాచినందుకా, డాక్టరు ముందు తనను అబద్ధం ఆడినదాన్ని చేసినందుకా, తెలియదు.

మూడోరోజు సాయంత్రం ఆవిడే ఇంటి నుంచి ఫోన్ చేసింది. "పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంది."

ఆటోలో ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. కింద పోర్షన్ పిల్లాడికి రెండు రోజులుగా జలుబు, జ్వరం. ఇద్దరూ ఒకే బంతితో ఆడుకుంటారు. కారణం అంత తేట. అయినా మెట్లెక్కుతుంటే నా కుడి అరచెయ్యి మండుతున్నట్టే ఉంది. పాపను ఎత్తుకోవడానికి చేతులు చాచి, ముట్టుకోలేక నిలబడిపోయాను.

"ఏంటట్టా నిలబడ్డావు? తీసుకో పిల్లని."

అప్పుడు చెప్పాను. కర్పూరం డబ్బా, ఆ సాయంత్రం, పాప తలమీద నా చెయ్యి, వేసిన ఒట్టు, తప్పిన ఒట్టు, అన్నీ చెప్పాను.

అత్తయ్య తడిగుడ్డ పిండుతూ విన్నది. పాప నుదుటిమీద వేసింది.

"ఒట్టు వేయించుకున్నది ఎవడు? నా కొడుకు. తగలాల్సింది వాడికి తగిలింది, మిషను మీద పడుకున్నాడు. ఇందులో పసిదానికేం పని? దేవుడు ఆ మాత్రం లెక్క తెలియనివాడా?" గుడ్డ తిరగేసింది. "నువ్వు చెప్పకుండా ఉంటే ఇవాళ మూడోరోజు చేసుకుంటూ ఉండేదాన్ని నేను. ముందు ఆ థర్మామీటరు పెట్టు. ఇంత చదివి, చేత్తో ముట్టుకుని చూస్తే ఏం తెలుస్తుంది."

నూటొకటి ఉంది. సిరప్ వేశాను. రాత్రి పన్నెండుకు ఊపిరి లెక్కపెట్టాను, రెండుకు లెక్కపెట్టాను, నాలుగుకు లెక్కపెట్టాను. పాప వయసుకు ఉండాల్సినట్టే ఉంది. పొద్దున్నకి జ్వరం దిగి, బిస్కెట్ అడిగింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఈ అలవాటు మాన్పించే డాక్టరు దగ్గరకు మా ఆయన్ని పంపారు. ఇప్పటికీ వారం వారం వెళతాడు. అక్కడిచ్చే మందు నా ఎదురుగానే వేసుకోవాలి. మొదటి నెల కష్టంగా గడిచింది. ఆ సంగతులు ఇక్కడ రాయను, అవి ఆయనవి.

ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం మాత్రం రాయాలి. పాప తూలుకుంటూ ఆయన దగ్గరకు వెళ్ళి మోకాళ్ళు పట్టుకుంది. బాగా చిక్కిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంక జన్మలో వాటి జోలికి వెళ్ళనని దీని మీద..." అంటూ పాప తలమీదకు చెయ్యి తీసుకెళుతున్నాడు.

ఆ మణికట్టు పట్టుకున్నాను. మా పెళ్ళయ్యాక ఆయన్ని నేను అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఒట్టు వద్దు."

"నన్ను నమ్మవా?"

"నమ్మడం సంగతి కాదు. ఒట్టు వేస్తే, రేపు తప్పినప్పుడు నాకు చెప్పలేరు. నాకు చెప్పడం కావాలి. వేసుకోవాలనిపిస్తే చెప్పండి. వేసుకున్నా చెప్పండి. ముందు నాకు చెప్పండి, తర్వాత ఏదైనా ఇద్దరం కలిసి పడదాం."

చెయ్యి దించాడు. మాట ఇవ్వలేదు. నేను కూడా అడగలేదు.

టీకొట్టు మనిషి కొన్నాళ్ళు కనిపించలేదట. తర్వాత పక్క వీధిలో ఇంకొకడు మొదలుపెట్టాడని మేస్త్రీ చెప్పాడు. ఆయన మోకాళ్ళకు ఇప్పుడు పట్టీలు కట్టుకుంటున్నాడు. "సగం మాత్ర పిసినారినని నవ్వేవాళ్ళు నన్ను. ఇప్పుడు పిసినారే మిగిలాడు చూడమ్మా" అంటాడు, కానీ ఆ నవ్వు చివరిదాకా ఉండదు.

పోయిన వారం మా ఆయన రోజూ వచ్చే వేళకు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను పాపకు అన్నం పెడుతూ, మెట్ల చప్పుడు కోసం చెవి అక్కడే పెట్టుకుని ఉన్నాను. అరగంట ఆలస్యంగా వచ్చాడు. గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇవాళ ఆ పక్క వీధికి వెళ్ళాను."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "వెళ్ళి?"

"టీ తాగాను."

"తాగి?"

"అడిగాను. ఉన్నాయన్నాడు." రెండో బూటు లేసు ముడిపడింది. విప్పడానికి చాలాసేపు పట్టింది. "కవరు తీసి చూపించాడు. పచ్చగా, అవే. వాడి వేళ్ళకి కూడా రంగంటుకుని ఉంది. చూసి, వచ్చేశాను."

నిజమో కాదో నాకెలా తెలుస్తుంది? కొన్నాడేమో. జేబులో ఉందేమో. వేసుకున్నాడేమో. ఆ డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు మా ఇద్దరికీ చెప్పిన గుర్తు ఒకటి నేను మరిచిపోలేదు. ఆ మాత్ర ఒంట్లో పడితే కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. చూడాలని ఉంది. ఇటు తిరగండి అని అడగలేకపోయాను, ఇప్పుడే నోరు తెరిచి చెప్పిన మనిషిని.

ఆయన లేచాడు. కాళ్ళు కడుక్కోకుండానే, ట్యూబులైటు కిందకు వచ్చి నిలబడ్డాడు. నేనేమీ అనకముందే ముఖం నా వైపు ఎత్తి, కళ్ళు పెద్దవి చేశాడు. పాపకు అది ఆటలా తోచి తను కూడా కళ్ళు పెద్దవి చేసింది.

చూశాను. దగ్గరగా వెళ్ళి, రెండు కళ్ళూ చూశాను. మామూలుగానే ఉన్నాయి.

"కాళ్ళు కడుక్కోండి. చారు వేడి చేస్తాను" అన్నాను.